తన సమాధి జాగ ఇచ్చేసిన టీచరమ్మ

టీచరమ్మ పోయిందన్న వార్త నాకు ఫ్లెక్సీ ఆర్డరుతో కలిసి వచ్చింది. మెదక్‌లో నాకు చిన్న ఫ్లెక్సీ దుకాణం ఉంది. పోయిన నెలలో ఒక రోజు పొద్దున షట్టర్ ఎత్తుతుండగా మా చర్చి సెక్రటరీ గారు ఫోన్ చేశారు.

"టీచరమ్మ ప్రభువు దగ్గరికి పోయింది తమ్మీ. తెల్లారంగ నిద్రలనే పోయింది. జర మంచి ఫ్లెక్సీ గావాలె. పైన 'క్షమాగుణానికి నిలువెత్తు రూపం' అని రాయి. కింద కమిటీ వాళ్ల ఫోటోలు పెట్టు. నాది గా బ్లూ కోటు ఫోటో ఉంటది చూడు, గది పెట్టు."

సగం ఎత్తిన షట్టర్‌ను పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆయన కంగారు పడ్డారు. "హలో, హలో, సిగ్నల్ లేదా?" అని.

మెషిన్ ఖరాబైందని చెప్పాను. నిజానికి అది లక్షణంగా ఉంది. ఆమె ముఖం పక్కన ఆ బ్లూ కోటును అచ్చు వేయడానికి నాకు మనసొప్పలేదు. ఆయన చేగుంటలో ఎవరి దగ్గరో కొట్టించుకొచ్చారు. అందులో ఆమె కంటే ఆయనే పెద్దగా ఉన్నారు.

నేను రాస్తున్నది టీచరమ్మ గురించి. కానీ మధ్యలో సెక్రటరీ గారి గురించీ రాయక తప్పదు. ఆమె ఉంటే ఒప్పుకునేది కాదు. "నా పేరు జెప్పి ఇంకొకల్లను తిట్టకు బిడ్డా" అనేది. తిట్టను. జరిగింది జరిగినట్టు చెబుతాను. ఆయనకు అంతకంటే పెద్ద తిట్టు లేదు.

ఆమె నిజాంపేట సర్కారు బడిలో పనిచేసి రిటైరైంది. పెళ్లయిన కొన్నేళ్లకే భర్త జబ్బుచేసి పోయాడు. పిల్లలు లేరు. వారమంతా బస్సులో నిజాంపేటకు పోయిరావడం, ఆదివారం మా చర్చిలో పిల్లలకు సండే స్కూల్ చెప్పడం, అదీ ఆమె జీవితం. మా చర్చి అంటే పెద్దదేమీ కాదు. ఒక సందులో రేకుల కప్పు, దాని మీద ఒక మైకు, వాకిట్లో ఒక గంట. మా ఈడు పిల్లలందరికీ దేవుడి సంగతులు మొదట తెలిసింది ఆమె నోటినుంచే. తీయని గొంతేమీ కాదు. కాస్త కరుకు. కానీ ఆ గొంతు ఎవరినీ నరకం పేరు చెప్పి భయపెట్టగా నేను వినలేదు.

ఒక ఆదివారం ఆమె, బతుకు మీద విసుగెత్తి అడవిలో ఒక చెట్టు కింద పడుకుని, నా ప్రాణం తీసుకో దేవా అని వేడుకున్న ప్రవక్త కథ చెప్పింది. నేను లేచి అడిగాను, "చచ్చిపోతా అనుడు పాపం కాదా టీచరమ్మా?" అని.

"దేవుడు ఆయన్ని తిట్టిండా?" అంది. "దేవదూతను పంపిండు. ఆ దూత ఏం జేసింది? రొట్టె పెట్టింది, నీళ్లిచ్చింది, మల్ల పండుకుంటె పండుకోనిచ్చింది. ప్రసంగం చెప్పలే. యాదుంచుకో."

ప్రసంగాలంటే ఆమెకు అంతంత మాత్రమే. సెక్రటరీ గారు ప్రార్థన మొదలుపెడితే దేశాలేలే వాళ్ల నుంచి మా సందులోని మురికి మోరీ దాకా ఎవరినీ, దేన్నీ వదిలిపెట్టరు. టీచరమ్మ కాసేపు ఓపిక పట్టి, తర్వాత గట్టిగా ఒక దగ్గు దగ్గేది. పిల్లలం నవ్వాపుకోలేక ఒకరినొకరం గిచ్చుకునేవాళ్లం. "పొడుగు ప్రార్థన జేస్తె దేవునికి కొత్తగ ఏం తెలుస్తది?" అనేది బయటికి వచ్చాక.

ఎవరింట్లో చావు జరిగినా అందరికంటే ముందు ఆమె వెళ్లేది. వెళ్లి శవం దగ్గర కూర్చునేది కాదు. నేరుగా వంటింట్లోకి పోయి పొయ్యి వెలిగించి చాయ్ పెట్టేది. గిన్నెలు కడిగేది. ఆ ఇంటి పిల్లలకు అన్నం కలిపి పెట్టేది. "ఏడ్చే ఇంట్ల మాటలు జెప్పొద్దు, పని జేయాలె" అనేది. మిగతా పెద్దలు మాత్రం హాల్లో కుర్చీలు వేసుకుని, ఆ కుటుంబానికి దేవుడి చిత్తాన్ని వివరిస్తూ ఆమె పెట్టిన చాయ్ తాగేవారు.

మా చర్చిలో డోలక్ వాయించే అన్న ఒకాయన ఉండేవాడు. శివ్వంపేట వైపు నుంచి వచ్చి, భార్యతో, కూతురితో ఇక్కడ కిరాయికి ఉండేవాడు. పగలు ఆటో తోలేవాడు. ఆయన చేతులు పడితే రేకుల కప్పు కింద ముసలివాళ్లకు కూడా కాళ్లు ఆగేవి కావు. ఒక వానాకాలంలో ఆయనకు ఏమో అయింది. నిద్ర లేదు, తిండి లేదు. ఆటో తీయడు. పలకరిస్తే గోడ వైపు తిరుగుతాడు. అందరూ తలా ఒక వాక్యం చెప్పి పోయారు. టీచరమ్మ ఆయన చేయి పట్టుకుని దవఖానకు తీసుకుపోయింది. "జరం వస్తె పోతలేమా? ఇది గూడ గంతే. మనసుకొచ్చింది, మందుంటది" అంది.

మందు పనిచేసింది. అన్న మెల్లగా తేరుకున్నాడు. వదిన ముఖంలో నవ్వు కనిపించింది. దసరా సెలవుల నాటికి ఆయన మళ్లీ డోలక్ ముందు కూర్చున్నాడు.

టీచరమ్మ ఊళ్లో లేని ఒక ఆదివారం సెక్రటరీ గారు అన్నను అందరి ముందు నిలబెట్టారు.

"దేవుని మీద నమ్మకమున్నదా లేదా నీకు?"

"ఉన్నది సార్."

"ఉంటె మాత్రలెందుకు మింగుతున్నవ్? మాత్రలు మింగేటోనికి విశ్వాసమేడిది? ఇయ్యాల్టి సంది బంద్ పెట్టు. ప్రార్థనతోని నిలబడు."

రేకులు అదిరేలా ఆమెన్ అన్నారు. అన్నట్టు సెక్రటరీ గారికి షుగర్ ఉంది. రోజూ పొద్దున టిఫిన్‌కు ముందు తప్పకుండా మాత్ర వేసుకుంటారు. ఆయన విశ్వాసానికి దానివల్ల ఏ లోటూ రాలేదు.

అన్న నమ్మాడు. మాత్రలు ఆపేశాడు. టీచరమ్మ తిరిగొచ్చి ఎంత బతిమాలినా, "మందులేసుకుంటె నా ప్రార్థన చెల్లదంటరు టీచరమ్మా" అన్నాడు. ఆమె రోజూ వెళ్లి ఆయన దగ్గర కూర్చునేది. చలికాలం మొదట్లో ఒక పొద్దున, ఆమె ఇంకా రాకముందే, ఆయన తన ప్రాణం తానే తీసుకున్నాడు.

మాత్రలు ఆపడమే కారణమని నేను తేల్చి చెప్పలేను. ఒక మనిషి లోపల ఏం జరిగిందో నాకు తెలియదు. మా కమిటీకి మాత్రం తెలుసు. ఈ లోకంలోదే కాదు, పై లోకంలోదీ తెలుసు. ఆ మధ్యాహ్నమే కూర్చుని, అన్నకు పరలోకం లేదని, కాబట్టి మా సంఘం సమాధుల తోటలో చోటు లేదని, గంట కొట్టేది లేదని తేల్చేశారు. అన్న ఇంకా ఇంటి ముందు ఐస్ పెట్టెలోనే ఉన్నాడు. వదిన తరఫున మాట్లాడటానికి టీచరమ్మ, నేను వెళ్లాం.

"మాకు గూడ బాధనే ఉన్నది టీచరమ్మా" అన్నారు సెక్రటరీ గారు. "కని ప్రాణం దేవునిది. ఈయన దేవుని పనిల చెయ్యి పెట్టిండు. పాపం జేసి, క్షమించుమని అడగకుంటనే పోయిండు. అడగనోనికి రక్షణ ఏడికెళ్లి వస్తది? మన తోటల పెడితె రేపు పిల్లలకు ఏం నేర్పినట్టు?"

"మీ నాయన ఎట్ల పోయిండు సెక్రటరీ సాబ్?" అని అడిగింది టీచరమ్మ.

"నిద్రల. గుండె ఆగింది."

"పండుకునే ముంగట పాపాలన్నీ ఒప్పుకొనే పండుకున్నడా?"

ఆయన ముందున్న రిజిస్టరులో ఒక పేజీ తిప్పారు.

"బస్సు గుద్దితె పోయినోల్లు? నిలవడ్డ కాడ్నే కూలిపోయినోల్లు? ఆఖరి మాట జెప్పనోల్లంత నరకానికేనా? గట్లైతె రక్షణ ప్రభువు చేతుల లేదు సాబ్, మన నాలుక మీదున్నట్టు. నాలుక పడిపోయినోని గతేంది మరి?"

కమిటీలో ఇంకొకాయన గొంతు సవరించుకున్నాడు. "మరి ప్రభువును పట్టిచ్చినోని సంగతేమైంది టీచరమ్మా? ఆయన గూడ గిదే పని జేసె గద."

"ఆయన ఏడున్నడో నీకు తెలుసా? నాకైతె తెల్వదు. ప్రభువుకు తెలుసు. మనం అడ్రస్ రాసిచ్చేటోల్లం కాదు." ఆమె గొంతు కాస్త తగ్గింది. "చేసింది మంచిదని నేనంటలేను. బతికుంటె బాగుండు. ఇంకొన్ని దినాలాగితె తెల్లారు అని నేను రోజూ జెప్పిన. నా మొగడు పోయినప్పుడు నాక్కూడ బతుకొద్దనిపిచ్చింది. పక్కింటామె ఒక్క మాట అడగకుంట నెల రోజులు అన్నం పెట్టింది, బతికిన. నాకు దొరికింది, ఈయనకు దొరకలే. రోగమొచ్చినోడు రోగంతోని పోయిండు. తలుపు మూసెటందుకు మనమెవలం?"

"రూల్ అంటె రూలే టీచరమ్మా."

పాస్టరు అయ్యగారు ఇంతసేపూ తలెత్తి ఫ్యాన్ వైపు చూస్తూ కూర్చున్నారు. కరెంటు లేదు, ఫ్యాన్ తిరగడం లేదు. అయినా చూస్తూనే ఉన్నారు.

టీచరమ్మ లేచి నిలబడింది. "తోటల నా మొగని పక్కన నాకని ఉంచిన జాగ ఉన్నది గద. గది నాదేనా?"

"మీదే. గది వేరే సంగతి."

"గండ్ల ఈయన్ని పెట్టుండ్రి."

"మరి మీకెట్ల?"

"నాకేం తొందర లేదు" అంది.

ఇచ్చిన జాగను వెనక్కి తీసుకునే రూల్ వాళ్ల దగ్గర లేదు. ఉంటే తప్పకుండా తీసేవారు. గేటు తెరిచారు కానీ గంట కొట్టలేదు, ఒక్క పెద్దమనిషీ రాలేదు. అయ్యగారికి జ్వరం వచ్చిందని కబురు పంపారు. మేం కొందరమే మోసుకుపోయాం. గుంట పక్కన నిలబడి టీచరమ్మే ప్రార్థన చేసింది. ఇప్పటికీ ఆ మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. "ప్రభువా, ఈ పిల్లగాడు నువ్వు పిలవకముందే వచ్చిండు. అలిసిపోయి వచ్చిండు. తలుపు తియ్యి." అంతే. పిడికెడు మట్టి వేసి, వదినను పట్టుకుని ఇంటికి నడిపించుకుపోయింది. ఆ రోజు వాళ్లింట్లో వంట ఆమెదే.

తర్వాతి నెలలో కమిటీ ఆమెకు సండే స్కూల్ నుంచి విశ్రాంతి ఇచ్చింది. వయసు మీద పడిందట. ఆమె చర్చి మానలేదు, పోట్లాడలేదు. ప్రతి ఆదివారం మొదటి వరుసలో, సెక్రటరీ గారి కళ్లెదుటే కూర్చునేది. పిల్లలు చదువుకోవడానికి ఆమె ఇంటికి వెళ్లడం మొదలుపెట్టారు. "మనసు బాగలేకపోతె దాచొద్దు. ఎవలకన్న చెప్పుండ్రి, దవఖానకు పోదాం" అని పాఠం మధ్యలో ఒకసారైనా చెప్పేది.

కొన్నేళ్లకు సెక్రటరీ గారి భార్య చనిపోయింది. నేను ఆ సందు వైపు కూడా వెళ్లలేదు. తర్వాత తెలిసింది, వంటింట్లోకి వెళ్లి మొదట పొయ్యి వెలిగించింది టీచరమ్మేనని. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఆయనింటికి ఎట్ల పోయినవ్ టీచరమ్మా? గింత జేసినోన్ని ఎట్ల మాఫ్ జేస్తివి?" అని నిలదీశాను.

"ఆయన జేసింది చిన్నదని నేనెప్పుడన్న?" అంది. "పెద్దదే. చిన్నదైతె మాఫ్ జేసేటందుకు ఏమున్నది? మర్చిపోతం, అయిపోతది."

"మరి మాఫ్ జేసిన అని ఆయనకు జెప్పినవా?"

"చెప్పలే. చెప్తె గదొక ప్రసంగమైతది. చాయ్‌ల చక్కెర తక్కువేసిన, షుగరున్నది గద ఆయనకు."

నేను ఆమె అంత మంచివాణ్ని కాను. అప్పుడూ కాదు, ఇప్పుడూ కాదు. ఆయన ఆ చాయ్ తాగి కప్పు కింద పెట్టి, అన్న భార్యకు ఒక్క మాట చెప్పి ఉంటే నా సంగతి వేరు. చెప్పలేదు. దారిలో ఎదురైతే పక్కకు తిరిగి ఫోన్ చూసుకునేవారు.

టీచరమ్మ అంత్యక్రియలకు షామియానా, కుర్చీలు, మైకు అన్నీ వచ్చాయి. సెక్రటరీ గారు చాలాసేపు మాట్లాడారు. ఆమె క్షమాగుణం గురించి చెబుతూ కళ్లు తుడుచుకున్నారు. ఆమె ఎవరిని క్షమించిందో, దేనికి క్షమించిందో మాత్రం చెప్పలేదు. "టీచరమ్మ పరలోకంల ఉన్నది, నాకు ఏం డౌటు లేదు" అన్నారు చివరికి. వీసా ఆఫీసులో స్టాంపు కొట్టినట్టుంది. ఆయన పర్మిషన్ లేక ఆమె అక్కడి గేటు దగ్గర ఆగిపోయి ఉంటుందేమో పాపం.

తోట గేటు పక్కన, పెద్దవాళ్లుండే వరుసలో, పాలరాయి వేయించి ఆమెకు చోటిస్తామని కమిటీ ముందుకొచ్చింది. వదిన అడ్డం నిలబడింది. "వద్దు. నాకు చెప్పింది. మా ఆయన కాళ్ల దిక్కు జర సందున్నది, గండ్ల పెడితె చాలన్నది" అంది. ఇరుకు జాగ. అక్కడే తవ్వాం.

పెట్టె దించేముందు అయ్యగారు పుస్తకం తెరిచారు. ఆయన జుట్టు పూర్తిగా నెరిసింది. మొదలుపెట్టబోయి ఆగారు. రెండడుగులు పక్కకు నడిచి అన్న సమాధి ముందు నిలబడి, "ఆ దినం ఈ మాటలు ఈడ చదవలే. ఇయ్యాల చదువుతున్న" అన్నారు.

"అయ్యగారూ, గిది ప్రోగ్రాంల లేదు" అన్నారు సెక్రటరీ గారు వెనకనుంచి.

"తెలుసు" అని అయ్యగారు చదవడం మొదలుపెట్టారు. పునరుత్థానం మీద నిరీక్షణతో మట్టిని మట్టికి అప్పగించే ఆ మాటలన్నీ, ఒక్కటీ వదలకుండా చదివారు. సెక్రటరీ గారు వాచీ చూసుకున్నారు. చదవడం అయ్యాక అయ్యగారు వదిన వైపు చూశారు. ఆమె ఏడవలేదు.

"మస్తు ఆలస్యం జేసిండ్రు అయ్యగారూ" అంది. ఆయన తల వంచుకున్నారు. తర్వాత టీచరమ్మకు చదివారు.

జనం షామియానా కింద భోజనాలకు కదిలారు. వదిన, ఆమె కూతురు, నేను మిగిలాం. వదిన రెండు అరచేతులతో తడి మట్టిని అదుముతూ, చెంపలు తట్టినట్టు చుట్టూ సర్దుతోంది. సెక్రటరీ గారు పట్నం నుంచి తెప్పించిన పెద్ద పూల చక్రం మట్టి మీద నిలబెట్టి ఉంది, మధ్యలో రిబ్బన్ మీద ఆయన పేరు. గోడ విరిగిన చోటునుంచి ఒక మేక వచ్చింది. తాపీగా ముందు గులాబీలు తింది. తర్వాత బంతిపూలు. వదిన తలెత్తి చూసి మళ్లీ మట్టి అదమసాగింది. మేక రిబ్బన్ అంచు నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టింది. మేమెవరం తోలలేదు.