నాగదుర్గ తీసివేతల పాఠం

రామచంద్రపురం పక్క పల్లెలో మూడో తరగతికి పాఠాలు చెప్పే నాగదుర్గకి ఆ వారమంతా కాలు నిలవలేదు. చుట్టుపక్కల బళ్ల టీచర్లు ఒకచోట చేరి, ఒకరి పాఠం ఒకరు చూసి నేర్చుకోవాలని టీచర్ సెంటర్లు పెట్టిన రోజులవి. ఈసారి పాఠం ఆమె వంతు.

ఆ సమావేశాల భాగోతం అందరికీ తెలిసిందే. ముందునుంచే పిల్లలచేత పాఠం వల్లె వేయిస్తారు. ప్రశ్న పూర్తికాకుండానే చేతులు లేస్తాయి. చూడవచ్చినవాళ్లు "చాలా బాగుందండీ" అంటారు, పులిహోర తిని ఇళ్లకు పోతారు. పెళ్లిచూపులు ఇంతకంటే నిజాయితీగా జరుగుతాయి.

నాగదుర్గ బాధ వేరు. అప్పు తెచ్చుకునే తీసివేత ఆమె పిల్లల తలకెక్కడం లేదు. పుల్లలు పెట్టి చెప్పింది, చింతపిక్కలు పెట్టి చెప్పింది, కేకలేసింది. తప్పు పిల్లల్లో ఉందా, తనలోనా? అసలీ ఉద్యోగానికి తను పనికొస్తుందా? ఆ అనుమానంతో అన్నం సయించడం లేదు. అందుకే ఆ పాఠమే చెబుతానంది, వల్లె వేయించకుండా.

"కోరి తలనొప్పి ఎందుకమ్మా? ఏ పక్షుల పాఠమో చెప్పేద్దురూ," అన్నారు హెడ్మాస్టరు చంద్రరావు గారు.

"పక్షులు వాళ్లకి వచ్చండీ. రానిది ఇదే."

ఆ రోజు యాభైరెండులోంచి ఇరవైయేడు తియ్యమని బోర్డు మీద రాసింది. ఇరవైఅయిదు రావాలి. పలకలన్నిటి మీదా ముప్పైఅయిదే. వెనక టీచర్లలో ఎవరో కిసుక్కుమన్నారు. నాగదుర్గకి ఏడుపొక్కటే తక్కువ. సుద్దముక్క బల్లమీద పెట్టేసి, "నాకు చేతకావడం లేదండీ. మీరెలా చెబుతున్నారో చెప్పండి," అంది.

నవ్వినవాళ్లతో సహా అందరూ నోటు పుస్తకాలు తిరగేయసాగారు. చివరికి, రిటైర్మెంటుకి దగ్గరపడ్డ పక్క ఊరి టీచరు సంపూర్ణమ్మ గారు లేచి వచ్చి, ముందు వరసలో ఉన్న పావని పక్కన చతికిలబడి, పలక ఒళ్లో పెట్టుకున్నారు.

"రెండులోంచి ఏడు పోదు కదమ్మా. మరి నువ్వేం చేశావు?"

"ఏడులోంచి రెండు తీసేశానండి. ఎప్పుడూ పెద్దదాంట్లోంచి చిన్నదే తియ్యాలని ఒకటో తరగతిలో చెప్పారు కదండీ!"

నాగదుర్గ గతుక్కుమంది. ఒకటో తరగతిలోనూ వాళ్ల టీచరు తనే. సులువుగా ఉంటుందని, పిల్లలు భయపడకూడదని, ఎన్నిసార్లు చెప్పిందో ఆ మాట. సిగ్గుతో తలెత్తితే, గదిలో ఒక్కరూ ఆమె కళ్లలోకి చూడడం లేదు.

"నేనిప్పటికీ అలాగే చెబుతున్నానమ్మా," అన్నారు సంపూర్ణమ్మ గారు పలకకేసే చూస్తూ. "మొన్న సోమవారం కూడా చెప్పాను."