తాతల గోడ తాగిన నీళ్లు

క్రిస్మస్ ముందు మా బావ విశాఖలో నేను పనిచేసే కాలేజీకి ఫోన్ చేసి, వెంటనే రాయపూర్ వచ్చి ఒక స్లాబు చూసి బాగుందని చెప్పి వెళ్లమన్నాడు. చూసి ఉన్నది చెప్పమనలేదు, బాగుందనే చెప్పమన్నాడు. కాంక్రీటు పరీక్షల ల్యాబులో జీతం తీసుకుంటున్నదాన్ని కాబట్టి నా మాటకి వాళ్ల చర్చి సంఘంలో విలువ ఉంటుందట. ఆయన మాటకి ఎందుకు లేదో నేను అడగలేదు.

సాయంత్రం ప్యాసింజరులో బెర్తు దొరికింది. పార్వతీపురం దాకా ఇంటి పులిహోర, రాయగడలో టీ పేరుతో వేడినీళ్లు. ఎదురు బెర్తులో భిలాయిలో ఇల్లు కట్టుకుంటున్న పెద్దమనిషి ఒకాయన, నా ఉద్యోగం ఏమిటో తెలియగానే నాకే పాఠం మొదలుపెట్టాడు. "స్లాబుకి పానీ తగ్గకూడదు మేడమ్, ఎంత తాగితే అంత పక్కా," అన్నాడు. ముసుగు తన్ని పడుకున్నాను.

పొద్దున ఏడింటికి రాయపూర్‌లో దిగాను. డిసెంబరులో వెళ్లేవాళ్లు స్వెట్టరు పెట్టెలో కాదు, ఒంటిమీద ఉంచుకోండి. స్టేషన్ బయట పోహా, జిలేబీ బాగుంటాయి. అవి తిని రిక్షా ఎక్కితే పట్టాల అవతలే గుఢియారీ, అక్కడే అక్కావాళ్ల ఇల్లు. అక్క నర్సు, బావ రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తా. మొహం కడుక్కోనివ్వకుండానే బావ నన్ను చర్చి ఆవరణకి లాక్కెళ్లాడు.

అసలు కథ ఇదీ. కోస్తా నుంచి రైల్వే ఉద్యోగాలకి వచ్చిన తాతలు కట్టుకున్న ప్రార్థన హాలు పాతబడిందని పడగొట్టారు. ఆ శిథిలాలతో ఎవరివో గుంటలు పూడ్చడానికి ఒక్కరికీ మనసొప్పలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటిల్లిపాదీ సుత్తులు పట్టుకుని, ఇటుక, గచ్చు, సున్నం తేడా లేకుండా కొట్టి కంకర చేశారు. ఆ కంకరతోనే నెల కిందట బావ దగ్గరుండి కొత్త వంటశాలకి స్లాబు పోయించాడు. తాతలంటే భక్తి ఉండాల్సిందే, కాదనను. నెత్తిమీదికి ఎక్కించుకుంటే అడిగేవాళ్లు ఉండొద్దూ? ఆ వంటశాలలో క్రిస్మస్ విందుకి కట్టెల పొయ్యిలు వెలిగిస్తారు. వంట పెత్తనమంతా మా అక్కది.

స్లాబు ఎంత కిందికి ఉందంటే, పొయ్యి మీద దేగిశా పెడితే గరిటె తిప్పడానికే చోటు లేదు. పైగా అది చెమ్మగా ఉంది. నెల దాటినా ఇంకా ఎందుకు తడుపుతున్నారని అడిగాను. సాయంత్రం ప్రార్థన అయ్యాక వంతులవారీగా ఇంటికో నాలుగు బిందెలు పోస్తున్నారని, విందు పొద్దున దాకా ఆపేది లేదని బావ గర్వంగా చెప్పాడు.

"మంటకి విరుగుడు పానీయే కదా మరదలా. ఎంత తాగితే అంత చల్లగా ఉంటుంది."

రైల్లో పెద్దమనిషికి ఇక్కడొక తమ్ముడున్నాడన్నమాట. నా ఒళ్లు మండిపోయింది. పాత గచ్చు, ఇటుక ముక్కలు మామూలు కంకర కంటే ఎక్కువ నీళ్లు తాగుతాయని, మంట తగిలితే ఆ నీళ్లు ఆవిరై, బయటికి దారి లేక స్లాబుని పెచ్చులుగా ఎగరగొడతాయని చెప్పాను. పాస్టరుగారు ప్రార్థన చేసి పొయ్యి వెలిగిస్తారని అందరికీ చెప్పేశానని, ఇప్పుడు మాట వెనక్కెలా తీసుకుంటానని బావ అన్నాడు. కింద నిలబడేది అక్క కదా అన్నాను. "మీ అక్కకి లేని భయం నీకెందుకు?" అన్నాడు. అక్కని ఎవరు అడిగారని!

స్లాబు పోయగా మిగిలిన కాంక్రీటుతో దిమ్మలు పోసి ఉన్నాయి. మర్నాడు పదింటికి, మంటలో పెట్టి చూపిస్తానని బావని ఒప్పించి, వాటిలో రెండు తీసుకుని టెంపోలో ఉర్లా ఫ్యాక్టరీల వైపు వెళ్లాం. అక్కడ ఇనుప మిల్లు కొలిమి మిస్త్రీ వీళ్ల సంఘం మనిషే. పోసిన రోజు నుంచీ ఎండలో పడున్న దిమ్మ నేను పట్టుకున్నాను. బావ తన దిమ్మని బకెట్లో నానబెట్టి, ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. ప్యాంటు తడిసింది.

ముందు నాది పెట్టించాను. ఎర్రబారింది, సన్నగా బీటలిచ్చింది, పగల్లేదు. చల్లారాక సుత్తితో తడితే మాత్రం డొల్ల శబ్దం వచ్చి ఒక మూల రాలిపోయింది. ఎండినా సరే, మంట తగిలాక దీన్ని నమ్మకూడదు. తర్వాత బావది పెట్టారు. కాసేపు బుసబుసమంది. ఆపైన తుపాకీ పేలినట్టు పేలి, పెచ్చులు కొలిమి తలుపుకి టపటపా తగిలాయి. బావ మిస్త్రీ వెనక్కి చేరాడు. మిస్త్రీ తలుపు సందులోంచి చూసి, "మన నర్సు దీదీ దీని కిందేనా వండేది?" అన్నాడు.

బావ తడిసిన ప్యాంటు దులుపుకుంటూ తిరుగు టెంపో ఎక్కాడు.

క్రిస్మస్ పొద్దున ఆరాధన చివర బావ లేచి నిలబడ్డాడు. సిస్టరుగారికి పొగ పడక దగ్గు వస్తోంది కాబట్టి విందు బయట ఆవరణలో వండుతున్నామని, సంఘం పెద్దమనసుతో సహించాలని ప్రకటించాడు. స్లాబు ఊసెత్తలేదు. నీళ్ల వంతులు కూడా, పాపం, చలి ఎక్కువగా ఉందని ఆపించాడు. అందరూ అక్క వైపు జాలిగా చూశారు. ఒకావిడ అల్లం మురబ్బా కూడా తెచ్చిచ్చింది. నేను లేచి నిజం చెప్పబోతే అక్క నా చెయ్యి నొక్కి పట్టుకుంది. బిర్యానీ మాత్రం అద్భుతం, ఆరుబయట పొగ వాసనతో.

సాయంత్రం బండికి బావ స్టేషన్‌కి రాలేదు, పని ఉందట. రాయపూర్ ఎలా ఉందని ఎవరైనా అడిగితే చలి, జిలేబీ, మొండి మగవాళ్లు అని చెబుతాను. బండి కదిలేముందు, లేని దగ్గు నీకు అంటగడితే ఊరుకుంటావేమిటే అని అక్కని కోప్పడ్డాను.

అక్క కిటికీలోంచి బిర్యానీ పొట్లం, అల్లం మురబ్బా సీసా రెండూ నా ఒళ్లో పెట్టింది.

"పోనీవే చిట్టీ. దగ్గు ఆయన కల్పించిందే. దక్కిన నెత్తి మాత్రం నాది కదా," అంది.