కరెంటు ఖర్చు లేకుండా గాలిని వడగట్టిన ఘనత

నంద్యాలలో మా కాలేజీ వెనక ఒక చర్చి ఉండేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఒక ఏడు, అక్కడ కోత పండుగ రోజున కిటికీలకు కర్టెన్లు లేవు. వాటిని ఉతికే దేవదానం బ్లీచింగ్ పౌడరు ఎక్కువ వేయడం వల్ల అవి చిల్లులు పడ్డాయని అందరూ నమ్మారు. చివరికి దేవదానం కూడా నమ్మాడు. నమ్మనివాణ్ణి నేనొక్కణ్ణే. ఎందుకంటే ఆ చిల్లులు పెట్టింది నేను. ఆ సంగతి ఏడేళ్లు కడుపులో దాచుకున్నాను. ఇప్పుడు రాతపూర్వకంగా ఒప్పుకుంటున్నాను. మీరు నవ్వుకోండి, ఏమీ అనుకోను.

అప్పట్లో నేను ఆ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్ని. వయసు ఇరవై ఆరు, తెలివి అంతకు సగం. భూమిని వేడెక్కించే బొగ్గుపులుసు వాయువును గాలిలోంచి పట్టి తీసేయవచ్చని ఏదో సైన్సు పత్రికలో అర పేజీ చదివాను. మిగతా అర పేజీని ఎవరో బజ్జీల కోసం చింపుకున్నారు. ఆ అర పేజీ జ్ఞానంతోనే భూగోళాన్ని చల్లబరచడానికి సిద్ధమయ్యాను.

యంత్రం తయారైంది. కూలర్ ఫ్యాను ఒకటి, దాని ముందు సున్నపు నీళ్లు పోసిన ట్రేలు ఇరవై. ఫ్యాను గాలిని తోస్తుంది, గాలిలోని వాయువును సున్నం పట్టుకుని తెల్లటి రాతిపొడిగా మారుస్తుంది. స్విచ్చి వేశాను. ఫ్యాను విమానంలా మోగింది. లాబులో లైట్లు మిణుకుమన్నాయి. కాసేపటికి కాలేజీ మొత్తం ఫ్యూజు పోయింది.

మా లాబు అటెండరు దేవదానం ఫ్యూజు తీగె చేతబట్టుకుని వచ్చాడు. యాభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు.

"ఏంది సార్, ఏం చేస్తాండావ్?"

"గాలిలోంచి చెడ్డ వాయువును పట్టుకుంటున్నా దేవదానం."

"గాలిలో అదెంతుంటాది?"

"పదివేల పాళ్లకు నాలుగు పాళ్లు కూడా ఉండదు."

"అంటే పదివేల వడ్ల గింజల్లో నాలుగు రాళ్లు ఏరేదానికి, వడ్లన్నీ ఎగరగొడ్తాండావన్న మాట."

ఇంత చక్కగా ఆ పత్రిక కూడా చెప్పలేదు. కానీ నాకు కోపం వచ్చింది. అటెండరు అర్థం చేసుకుంటే ఇక లెక్చరర్ ఎందుకు?

ప్రిన్సిపాలుగారు ఒక్క మాటతో తేల్చేశారు. "చూడప్పా, కరెంటు తాగకుండా అది పనిచేస్తే ఆళ్లగడ్డ సైన్సు ఎగ్జిబిషనుకు పో. లేదంటే ఫ్యాను తీస్కపోయి స్టాఫ్ రూములో పెట్టు."

ఆళ్లగడ్డ మా సొంత ఊరు. అక్కడ నా చిన్నప్పటి మాస్టర్లందరూ ఆ ఎగ్జిబిషన్ చూడటానికి వస్తారు. ఏడో తరగతి లెక్కల పరీక్షలో నాకు వచ్చిన మార్కులు వాళ్లలో ఒక్కరూ మరిచిపోలేదు. కాబట్టి పోయి తీరాలి.

కరెంటు తగ్గించడం ఎలా అని బుర్ర గోక్కుంటూ లాబు కిటికీలోంచి బయటికి చూశాను. దండెం మీద తెల్లటి కర్టెన్లు ఎనిమిది, గాలికి తెరచాపల్లా ఊగుతున్నాయి. గాలి! పైసా ఖర్చు లేని గాలి! ఫ్యానెందుకు? గుడ్డల్ని సున్నపు నీళ్లలో ముంచి ఆరేస్తే గాలే నడిచివచ్చి వాయువును అప్పజెప్పి పోతుంది. నా తెలివికి నేనే వీపు తట్టుకున్నాను. చెయ్యి అందలేదు గానీ ప్రయత్నించాను.

ఆ కర్టెన్లు చర్చివి. వాటిని ఉతికి, ఇస్త్రీ చేసి, పండుగకు కట్టే పని పన్నెండేళ్లుగా దేవదానానిదే. ఇంకెవరినీ తాకనిచ్చేవాడు కాదు. చర్చిలో ఆయనకు ముందు వరసలో కూర్చునే మర్యాద ఆ కర్టెన్ల వల్లనే. ఇంట్లో కుళాయి రెండు రోజులకొకసారి వస్తుందని, కాలేజీ బోరు నీళ్లతో ఉతికి ఇక్కడే ఆరేసేవాడు. ఆరేసి, చుట్టాల పెళ్లికని పాణ్యం పోయాడు. నాలుగు రోజులకు గానీ రాడు.

'వాడుకుని, ఉతికి, మళ్లీ ఆరేద్దాం. సున్నమే కదా, నీళ్లకు పోతుంది' అనుకున్నాను.

పాఠకులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. వాయువును పట్టి సున్నాన్ని రాయిగా మార్చడమే నా యంత్రం పని. ఆ రాయి పుట్టబోయేది కర్టెన్ల నూలుపోగుల మధ్యనే అన్న సంగతి, దాన్ని పిల్లలకు రోజూ పాఠం చెప్పే నాకు తట్టలేదు.

చిక్కటి సున్నంలో ముంచి ఆరేశాను. ఆరిన కొద్దీ నీళ్లు చల్లి మళ్లీ ఆరేశాను. రెండు రోజులకు కర్టెన్లు అప్పడాలయ్యాయి. వేలితో తడితే టకటకమన్నాయి. నేను ఆనందంతో గంతులేశాను.

ఆళ్లగడ్డ బస్సు దగ్గర కండక్టరు అడ్డం పడ్డాడు.

"ఏందప్పా ఇవి, రేకులా?"

"కాదన్నా, గుడ్డలు."

"గుడ్డలైతే మడువు."

"మడిస్తే విరుగుతాయి."

కండక్టరు నన్నొకసారి, గుడ్డల్నొకసారి చూశాడు. "యాడికి పోతాండావ్? ఆస్పత్రికా?"

"ఎగ్జిబిషనుకు."

"సరే, నువ్వు లోపలికెక్కు. అవి టాపు మీదికి. గాలికి ఎగిరిపోతే నన్నడగాకు."

గాలికి అవి ఎగరలేదు. అంత బరువుగా ఉన్నాయి. నేనే ఎగురుతూ కూర్చున్నాను.

ఎగ్జిబిషన్లో నా చుట్టూ జనం మూగారు. రిటైరైన సైన్సు టీచరమ్మ జడ్జి. కర్టెను అంచు పట్టుకుని వంచబోయి, భయపడి వదిలేశారు.

"దీనికి కరెంటెంత కావాల్నప్పా?"

"ఒక్క యూనిట్ కూడా అక్కర్లేదు మేడమ్!"

చప్పట్లు. నా లెక్కల మాస్టారు కూడా కొట్టారు. ఆ క్షణంలో ప్రపంచం ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేది!

"బాగుంది" అన్నారు టీచరమ్మ. "మరి సున్నమంతా ఒకసారికే అయిపాయె గదా. పట్టిన గ్యాసును బయటికి తీసి, సున్నాన్ని మళ్లీ వాడుకునేదెట్ల?"

"వేడి చేయాలి మేడమ్."

"ఎంత వేడి?"

"తొమ్మిది వందల డిగ్రీలు."

"గుడ్డతో సహానా?"

ఆ నవ్వు ఆళ్లగడ్డ బస్టాండు దాకా వినబడింది. ఆవిడ మాత్రం నవ్వకుండా చెప్పారు. "ఫ్యాను కాడ మిగిల్చింది చారెడు నాయనా, బట్టీ కాడ తగలబెట్టేది బండెడు. కరెంటు తగ్గించల్లంటే ఆ వేడిని తగ్గించే ఉపాయం చూడు." పత్రికలో చిరిగిపోయిన ఆ అర పేజీలో ఉన్నది బహుశా ఇదే.

తిరిగొచ్చి కర్టెన్లను నానబెట్టాను. పోలేదు. ఉతికాను. పోలేదు. బండకేసి బాదితే బండకే గీతలు పడ్డాయి. చివరికి లాబులోని యాసిడ్ పోశాను. బుసబుసమని నురగ పొంగింది. రెండు రోజులు కూడబెట్టిన వాయువంతా రెండు నిమిషాల్లో నంద్యాల గాలిలో కలిసిపోయింది. సున్నం పోయింది. సున్నంతో పాటు గుడ్డ కూడా చాలా చోట్ల పోయింది. మిగిలిన దాన్ని దండెం మీద వేసి, పరీక్ష పేపర్లు దిద్దుతున్నట్టు నటించాను.

మర్నాడు దేవదానం వచ్చి దండెం ముందు నిలబడిపోయాడు. ఒక చిల్లులోంచి ఆయన ముఖం నాకు కనిపించింది.

"ఏంది సార్ ఇది? ఇట్లెట్లాయె?"

ఒక్క మాట చెబితే సరిపోయేది. నేనన్న మాట ఇది: "బ్లీచింగ్ ఎక్కువేశావేమో దేవదానం."

ఆయన తన చేతుల వంక చూసుకున్నాడు. "ఏసినానేమో సార్. కండ్లు సరిగా ఆనడం ల్యా."

ఆ ఆదివారం కోత పండుగలో పాటలు పాడేవాళ్లందరూ ఎండ కళ్లలో పడి, ఒక కన్ను మూసుకుని దేవుణ్ణి స్తుతించారు. కర్టెన్ల పని వేరే వాళ్లకు పోయింది. దేవదానం ముందు వరస నుంచి చివరి వరసకు మారాడు. ఎవరూ మారమనలేదు. తనే మారాడు. నా పాపం ఇంతవరకూ నవ్వులాటే. ఆ చివరి వరస మాత్రం కాదు.

ఏడేళ్ల తర్వాత, దేవదానం రిటైరైన ఏడు, కోత పండుగకు నేనూ చర్చికి పోయాను. అందరి ముందూ చెప్పేయాలని నిశ్చయించుకున్నాను. ఆరాధన అయ్యాక, రైతులు తెచ్చిన కానుకలకు వేలంపాట జరుగుతుందని నాకు తెలియదు. ధైర్యం చిక్కబట్టుకుని చెయ్యెత్తాను.

"ఆ, సారు పాడినారు!" అన్నాడు వేలం వేసే అబ్రహాము.

"కాదు, నేను మాట్లాడాలి."

"మాట్లాడు సార్, పెంచు!"

రెండు చేతులూ ఊపాను. అది రెండింతలు పాడినట్టట. మూడు లెక్కపెట్టేసరికి నా చేతుల్లో పసిబిడ్డంత గుమ్మడికాయ ఉంది. దాన్ని ఎత్తుకునే, అందరి ముందూ మొత్తం చెప్పాను. సున్నం, బస్సు, బట్టీ వేడి, యాసిడ్, బ్లీచింగ్ అబద్ధం, ఏదీ దాచలేదు. ఇకమీదట గాలిలోంచి ఊపిరి తప్ప ఇంకేదీ తీసుకోననీ, దండెం మీది గుడ్డను వానకు తడిసి ముద్దవుతున్నా ముట్టననీ గుమ్మడికాయ సాక్షిగా ప్రమాణం చేశాను.

జనం పడీపడీ నవ్వారు. పాస్టరుగారు కళ్లు తుడుచుకుంటూ, "దేవదానమన్నా, వచ్చే ఏడు కర్టెన్లు నీవే కట్టల్ల" అన్నారు.

దేవదానం నవ్వలేదు. చివరి వరసలోంచి లేచి నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"సార్, ఈ మాట చెప్పేదానికి కరెంటేమన్నా కావాల్నా?"

"అక్కర్లేదు."

"బట్టీకి కట్టెలు?"

"అక్కర్లేదు."

"మరి ఏడేండ్లు ఎందుకు పట్టె సార్?"

గుమ్మడికాయను కింద పెట్టి, రెండు చేతులూ జోడించాను.

"తప్పు నాది దేవదానమన్నా. నీ చేతులది కాదు. నన్ను క్షమించు."