నాలుగు వేళ్ల ఎండ

ముందు గడియ తీసిన చప్పుడు. తర్వాత చెక్క రెక్క ఒళ్లు విరుచుకున్న మూలుగు. ఆ వెనక ఇంకొకటి, ఇంకొకటి. పాత భవనం గది గదికీ కళ్లు తెరుచుకుంటూ నావైపు వస్తుంటే, చివరి గదిలోంచి తాళాల గుత్తితో ఆమె బయటికొచ్చింది. అందరూ కిటికీలక్క అంటారు.

రెండు వందల ఏళ్ల ఇల్లది. ఇప్పుడు జనం చూడ్డానికి వస్తారు. ఎండ తగిలితే పాత తెరలూ తివాచీలూ వెలిసిపోతాయి కాబట్టి, ఎండ ఏ గదిలోకి వస్తే ఆ గది కిటికీ రెక్కలు మూయాలి, అది దాటగానే తెరవాలి. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆమె పని అదే. ఎండ వేసవిలో కిటికీ గట్టు మీదే ఆగిపోతుందనీ, చలికాలంలో తివాచీ మీది మూడో పువ్వు దాకా పాకుతుందనీ ఆమెకు తెలుసు. వానలు వెళ్లగానే తివాచీలు తోట నీడలో ఆరబెడతారు. చలి ముదిరాక ఇల్లు రెండు నెలలు మూసి, కుర్చీలకు తెల్లదుప్పట్లు కప్పుతారు.

ఆ రెండు నెలల్లోనే ఆమె చదువుకుంది. అప్పటికి ముప్పై దాటాయి, అక్షరం ముక్క రాదు. తోటమాలి ఆమెకు వరసకు బావ. మొక్కల పక్కన గుచ్చే రేకుల మీది పేర్లు చూపించి నేర్పాడు.

"ఇది చదువు, మరదలు పిల్లా."

"గులాబి."

"అక్షరాలు చూడమంటే మొక్కను చూస్తావేం!"

రేకులు దాటి, బావ తెచ్చిన పాత కథల పుస్తకాలకొచ్చింది. పుస్తకాల గదిలో నేల మీద కూర్చుని, ఒక రెక్క నాలుగు వేళ్లంత తెరిచి, ఆ వెలుతురులో చదివేది. ఏటా అంతే. ఎండ ఏం చేస్తుందో ఆమెకంటే తెలిసినవాళ్లు లేరు. కథలో పడితే మాత్రం గుర్తుండేది కాదు.

నిరుడు తివాచీలు బాగుచేసే ఆవిడ వచ్చింది. పుస్తకాల గదిలోని ఎర్ర తివాచీ మీద నాలుగు వేళ్ల వెడల్పున పాలిపోయిన చార చూసి, రెక్కలు వంగి ఎండ జొరబడుతోందని తేల్చింది. ఆ గది కిటికీలన్నిటికీ చెక్క పలకలు కొట్టేయాలంది. మేనేజరమ్మ సరేనంది.

కిటికీలక్కకు అన్నం సహించలేదు. నోరు మూసుకుంటే, తోట కనిపించే ఒకే ఒక్క గది చీకటైపోతుంది. విప్పితే, ఇంకా నాలుగేళ్లున్న ఉద్యోగం పోవచ్చు.

"నీకెందుకు, ఊరుకో," అన్నాడు బావ.

"నువ్వు నేర్పకపోతే ఈ గొడవే లేదు."

"ఇదెక్కడి న్యాయం, తిరిగి తిరిగి నామీదికొచ్చింది!"

వడ్రంగి మేకుల డబ్బా తెరిచిన పొద్దున, ఆమె మేనేజరమ్మ ముందు నిలబడింది.

"రెక్కలు బాగానే ఉన్నాయమ్మా. ఆ చార నావల్ల పడింది."

అంతా విని మేనేజరమ్మ వెళ్లి ఆ చార మీద నాలుగు వేళ్లు ఆనించి చూసింది. తర్వాత వడ్రంగిని పంపేసింది. పుస్తకాల గది తాళంచెవి మాత్రం ఆమె గుత్తిలోంచి తీసేసుకుంది. మిగతా గదులు ఆమెకే ఉంచింది.

ఇప్పుడు మధ్యాహ్నం ఖాళీలో తోటలో రాతిబల్ల మీద చదువుకుంటుంది. పుస్తకాన్ని చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుంటుంది. ఆ గది పోయినందుకు బాధగా లేదా అని అడిగాను.

"ఎందుకుండదు?" అంది, పేజీ తిప్పుతూ.

నేను లేచి నాలుగడుగులు వేశాక వెనక్కి పిలిచింది.

"ఈసారొచ్చేటప్పుడు పెద్దక్షరాల పుస్తకం ఒకటి పట్టుకురా. కథేదైనా పర్లేదు గానీ, చివర్లో ఎవరూ చావకూడదు."