పదిహేడో నంబరు అడుగుజాడ

ఆ కంటి ఆసుపత్రిలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ ప్రోగ్రాం బాబే. పాత కేసుషీట్లన్నీ ఎక్కించడానికి వెబ్ అప్లికేషన్ తయారుచేసింది అతనే. గుమాస్తాలు ఏ పేజీ నుంచి ఏ పేజీకి వెళ్తున్నారో, ఎక్కడ తికమకపడుతున్నారో తెలిస్తే దాన్ని బాగుచేయవచ్చనుకున్నాడు. రోగుల సంగతులు పరాయి కంపెనీల చేతిలో పడకూడదని, జాడ పట్టే సాధనాన్ని మెట్లకింద గదిలోని సొంత సర్వరు మీదే పెట్టుకున్నాడు. పేర్లు తీసేసి మనుషులకు నంబర్లిచ్చాడు. ఇంత పద్ధతిగా నిఘా పెట్టినవాడు లోకంలో ఉండడని మురిసిపోయాడు కూడా.

ఇసుకలో అడుగులు చూసి మనిషిని పోల్చేవాడైనా, వెతుకుతూ తన అడుగులు కూడా అదే ఇసుకలో వదలాల్సిందే. ప్రోగ్రాం బాబుకు ఆ బాధ లేదు. పరీక్షల కోసం తాను తిరిగే తిరుగుళ్లు లెక్కను చెడగొడతాయని, ఆ పనిలో ఉన్నవాళ్లు మామూలుగా చేసేట్టే, తన కంప్యూటరును లెక్కలోంచి తప్పించేశాడు.

నెలవారీ సమావేశంలో గోడ మీద బొమ్మ వేసి చూపించాడు. పేజీలు సున్నాలు, రాకపోకలు గీతలు. పదిహేడో నంబరు గీత మాత్రం సేవ్ నొక్కడం, జాబితాకు పోవడం, వెనక్కి రావడం, రోజుకు నలభైసార్లు తిరిగి తిరిగి చిక్కుపడ్డ దారపు ఉండలా ఉంది.

"ఇదిగోండి, మన గానుగెద్దు!" అన్నాడు. గది గొల్లుమంది.

"ఎవరయ్యా అది?" అన్నాడు సూపరింటెండెంటు.

"పేర్లుండవండీ, అంకెలే."

పేరు లేదు గానీ వేళ ఉంది. గీత పక్కనే చిన్న అక్షరాల్లో: మొదలు, ఎనిమిదీ నలభై. తొమ్మిదిన్నరకు మొదలయ్యే ఆఫీసుకు ఆ వేళకు వచ్చి కిటికీలు తెరిచే మనిషి ఒక్కతే, అందరూ పిన్నీ అని పిలిచే పాత రికార్డుల గుమాస్తా. నవ్వు ఒక్కో నోటా ఆగుతూ వచ్చింది. రికార్డుల పిన్ని వైపు ఎవరూ చూడలేదు. చూడకుండా ఉండటానికి వాళ్లు పడ్డ పాట్లే అంతా చెప్పేశాయి. పిన్ని కళ్లజోడు తీసి తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది.

కంప్యూటరు పని ఆమెకు రాదని, సోమవారం నుంచి ఆమెను కింద టోకెన్ల కౌంటరుకు మార్చారు. అక్కడ కుర్చీ ఉండదు. ఆమెకు మోకాళ్లున్నాయి గానీ అవి ఆమె మాట వినవు. ఉద్యోగమేమో ఇంకా రెండేళ్లుంది.

బాబు ఆ వారమంతా పదిహేడో నంబరు గీతనే తెరిచి తెరిచి చూశాడు. చివరికి తన కంప్యూటరు వదిలి పిన్ని ఖాళీ కుర్చీలో కూర్చుని, ఆమె పని ఆమెలాగే చేసి చూశాడు. ఆమె పద్ధతి అందరికీ తెలిసిందే: షీటులో మందు పేరు చెరిగిపోతే ఊహించి రాయదు, రోగి ఇంటికి ఫోన్ చేసి సీసా మీది అక్షరాలు చదివించుకుంటుంది. బాబు కూడా అలాగే ఫోన్ చేశాడు. అవతలి ముసలాయన కళ్లజోడు వెతుక్కుని, సీసా వెతుక్కుని, కూడబలుక్కుని చదివేసరికి ఇరవై నిమిషాలు. సేవ్ నొక్కాడు. 'భద్రపరచబడింది' అని పచ్చటి అక్షరాలు వెలిగాయి. జాబితాకు వెళ్లి చూశాడు. అందులో ఏమీ లేదు.

పావుగంట కదలకపోతే లాగిన్ గడువు తీరిపోతోంది. పచ్చ అక్షరాలు మాత్రం ఏం జరిగినా వెలుగుతున్నాయి. అలా రాసింది తానే.

మెట్లు దిగి వెళ్లాడు. పిన్ని ఒంటి బరువును ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ టోకెన్లు చింపుతోంది.

"పిన్నీ, తప్పు నాది. పేజీయే అబద్ధం చెబుతోంది."

"తెలుసుగా నాయనా. రెండు నెలల కిందటే చెప్పాను."

"నాకా?"

"నీకే, కాంటీన్ దగ్గర. రాసింది మాయమవుతోంది బాబూ అంటే, నొక్కడం రాక అలా అంటున్నావు పిన్నీ అని నవ్వావు. అప్పట్నుంచీ ప్రతిసారీ ఉందో లేదో చూసుకుని వస్తున్నా." ఇంకో టోకెన్ చింపింది. "గానుగెద్దు తిరిగితే నూనైనా వస్తుంది. తప్పుకో, వెనకాల జనం ఉన్నారు."

అతను ఉన్నపళంగా సూపరింటెండెంటు గదికి వెళ్లి జరిగింది చెప్పాడు. ఆయన పెన్ను మూత పెట్టాడు.

"అందరి ముందూ నవ్వించావు కదయ్యా. అందరి ముందే చెప్పాలి మరి."

చెప్పాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే అతనికి కాస్త తేలిగ్గా ఉండేది. పిన్ని కుర్చీ పిన్నికి వచ్చింది. పేజీ బాగుపడింది. మినహాయింపు తీసేసి తన కంప్యూటరుకూ ఒక నంబరు ఇచ్చుకున్నాడు.

వారం తర్వాత లెక్క తెరిచాడు. పదిహేడో నంబరు, మొదలు ఎనిమిదీ నలభై. సేవ్, జాబితా, వెనక్కి. నలభైసార్లు.

ఆమె బల్ల దగ్గరికి వెళ్లి, "బాగుచేశాను పిన్నీ, ఇంక చూసుకోనక్కర్లేదు" అన్నాడు.

"అలాగే నాయనా" అంది, తల ఎత్తకుండా, మెత్తగానే.

మర్నాడు మళ్లీ చూశాడు. నలభై ఒకటి.