అపోలో పాదాల కింద గద్ద

తాండూరులో మాది కందిపప్పు మిల్లు. పప్పు గురించి అడిగితే మా ఆయన రోజంతా చెబుతాడు. పాత కంచు నాణేల గురించి అడిగితే నేను తెల్లారినా వదలను.

నా పిచ్చంతా గ్రీకు నాణేలే. ఒక మహాసామ్రాజ్యం ముక్కలయ్యాక ఈజిప్టులో ఒక గ్రీకు వంశం, సిరియాలో ఇంకో గ్రీకు వంశం తరతరాలు కొట్టుకున్నాయి. ఊరు గెలిచిన రాజు ఒక్కోసారి ఓడినవాడి కంచు నాణేన్నే తెచ్చి, దాని మీద తన ముద్ర కొట్టించేవాడు. ఎంత పొగరో చూడండి!

నా దగ్గరున్న నాణెం మీద సిరియా వాళ్ల అపోలో దేవుడున్నాడు. ఆయన పాదాల దగ్గర ఓ వంకర గీత. అది కింద చెరగకుండా మిగిలిన ఈజిప్టు రాజుల ముద్ర, గద్ద రెక్కేనని నా వాదన. వికారాబాద్‌లో కాలేజీ పిల్లల కోసం నాణేల ప్రదర్శన పెడుతున్న పెద్దాయన ఒప్పుకుంటేగా.

"గద్దా లేదు, గిద్దా లేదమ్మా. గా గీత ఎవడో గీకిండు. నకిలీదేమో గూడ. రుజువు తెస్తెనే బల్ల మీద పెడ్త."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ప్రదర్శనలో నా నాణెం గురించి నేను మాట్లాడబోతున్నానని అప్పటికే బజారంతా చెప్పుకున్నాను. భూతద్దం పెట్టి, లైటు కింద పెట్టి ఎంత చూసినా గీత గీతలాగే ఉంది. ప్రదర్శన దగ్గరపడుతోంది, నా పరువు గంగలో కలిసేలా ఉంది.

ఈలోగా దీపావళి వచ్చింది. లక్ష్మీపూజ నాడు మా ఇంట్లో పైసలన్నింటికీ పసుపు, కుంకుమ పెడతారు. కొత్తవి, పాతవి, చెల్లనివి, అన్నింటికీ. ఆ సాయంత్రం దేవుడి గదిలోకి వెళ్లేసరికి నా అపోలో నడినెత్తిన తడి కుంకుమ!

"అత్తమ్మా! ఎంత పని చేసినవ్! దాన్నెందుకు ముట్టినవ్?"

"గట్ల మొత్తుకుంటవేందే? పైస గాదా అది? లచ్చిమి ముంగట పెట్టొద్దా?"

ఆవిడా తగ్గలేదు, నేనూ తగ్గలేదు. విసురుగా నాణెం లాక్కుని కొంగుతో తుడిచాను. పైనున్న ఎరుపంతా పోయింది, సన్నటి గాట్లలో మాత్రం ఉండిపోయింది. దీపం దగ్గర పెట్టి చూద్దును కదా, ఆ వంకర గీత పక్కన ఇంకో గీత, దాని పక్కన మరోటి. వరుసగా ఈకలు! వాటి కింద గోళ్లు!

"అత్తమ్మా, గద్ద! గద్ద!"

"యాడనే?" అంటూ ఆవిడ కిటికీలోంచి ఆకాశం వైపు చూసింది. ఆవిడను వాటేసుకుని గిర్రున తిప్పేశాను.

ప్రదర్శన రోజు ఇద్దరం రైలెక్కి వికారాబాద్ చేరాం. పెద్దాయన నాణెం అందుకుని భూతద్దం కింద పెట్టాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"గద్దనే, తల్లీ," అన్నాడు చివరికి. "మస్తు పరేషాన్ చేసినవ్ పో నన్ను."

మొదటి బల్ల మధ్యలో ఉన్న తన వెండి నాణేన్ని తనే పక్కకు జరిపి, అక్కడ నా కంచు నాణెం పెట్టాడు. పిల్లలంతా బిలబిలమంటూ చుట్టూ మూగారు. అత్తమ్మ ముందు వరుసలో కొంగు సర్దుకుని కూర్చుంది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

మైకు తెచ్చిస్తే వద్దన్నాను. ఆ రోజు నా గొంతు వికారాబాద్ స్టేషన్ దాకా వినిపించే ఉంటుంది.