ముందే చెల్లించిన వెండి కళ్ళు

హైదరాబాదు పాతబస్తీ జహనుమాలోని మా ఇంట్లో ఎనిమిది మందిమి ఉంటాం. గదులు రెండు, వెనక బర్రెల కొట్టం. పగటిపూట ఏ తలుపూ మూయరు. మూస్తే "లోపట ఏం జేస్తున్నవే?" అని ముగ్గురైనా అడుగుతారు. నాకంటూ ఉన్న తలుపు నా కళ్ళజోడు ఒక్కటే. పవర్ మైనస్ ఏడు. బడిలో పిల్లలకు లెక్కలు చెప్పి సాయంత్రం ఇంటికొచ్చి, గోడకానుకుని కూర్చుని జోడు తీసి ఒళ్ళో పెట్టుకుంటే చాలు. వదిన మొహం, టీవీ, తీగ మీది బట్టలు, పాల క్యాన్లు అన్నీ కరిగి రంగు మరకలైపోయేవి. ఎవరు చూస్తున్నారో నాకు తెలియదు కాబట్టి ఎవరూ చూడనట్టే ఉండేది. ఆ కాసేపూ అది నా గది.

మిగతా రోజంతా ఆ జోడు శిక్షే, అబద్ధమెందుకు? వానొస్తే మసక, మాస్కు పెడితే ఆవిరి, ముక్కుకు రెండు పక్కలా గుంటలు. ఒకసారి దబీర్‌పురా స్టేషన్‌లో ఎవరి మోచెయ్యో తగిలి కింద పడి విరిగింది. అన్న వచ్చి తీసుకెళ్ళేదాకా గోడ పట్టుకుని నిలబడ్డాను.

అందుకే అన్న లేజర్ ఆపరేషన్ మాట ఎత్తినప్పుడు వద్దనలేదు. వాడి దోస్తు చేయించుకున్నాడట. "జర్రసేపట్ల అయిపోతది. మస్తు కనబడ్తదట. ఫికర్ ఎందుకే?" అన్నాడు. చేసేది వాడి కళ్ళకు కాదు కదా, ఫికర్ ఎందుకుంటుంది! కంటి ఆసుపత్రిలో పరీక్షలన్నీ చేసి, నల్లగుడ్డు మీది పొర తగినంత మందంగానే ఉంది, చేయవచ్చు అన్నారు. కొందరికి కళ్ళు పొడిబారతాయనీ, రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు కనిపించవచ్చనీ చెప్పారు. చేశాక మళ్ళీ పాత కన్ను రాదు కాబట్టి నిదానంగా ఆలోచించుకుని చెప్పమంది డాక్టరమ్మ.

ఆలోచిస్తూనే ఉండిపోయాను. కన్ను తెరిపించి పెట్టి దాని మీద పని చేస్తారని తలుచుకుంటే భయమేసేది. కానీ నా అసలు భయం అది కాదు. చేయించుకున్నాక ఇక పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఈ ఇల్లూ ఈ మొహాలూ కళ్ళలో పడుతూనే ఉంటాయి. తీసి పక్కన పెట్టడానికి ఏమీ మిగలదు. ఈ మాట ఎవరితో చెప్పను? మీరు కనిపించకుండా ఉంటేనే నాకు సుఖం అంటే ఇల్లు పీకి పందిరేస్తారు. అందుకని ఎవరడిగినా "చూద్దాం" అనేదాన్ని.

అంతలో ఆషాఢం వచ్చింది. బోనాల రోజు అమ్మ బోనమెత్తుకుంటే వేపమండలు పట్టుకుని నేను వెనక నడిచాను. మా గల్లీ పోచమ్మ గుడిలో ఒకటే తోపులాట. ఊదు పొగకు మసకబారిన జోడు తుడిచి పెట్టుకునేసరికి, పూజారి అమ్మవారి మొహానికి కొత్త వెండి కళ్ళు అతికిస్తున్నాడు. కంటి జబ్బు నయమైతే వెండి కళ్ళు ఇస్తామని మావాళ్ళు మొక్కుకుంటారు. నయమయ్యాక ఇస్తారు.

"ఎవరియ్యవి?" అని అడిగాను.

"నీయే" అంది అమ్మ, నాకేసి చూడకుండా.

ఇంటికి వెళ్ళేదాకా కూడా ఆగలేకపోయాను. గుడి బయటే లొల్లి పెట్టుకున్నాను. "నేనింక ఊ అన్ననా? పని గాకముందే మొక్కెట్ల జెల్లిస్తవ్?"

"మళ్ల బోనాలు ఏడాదికి గదా బిడ్డా. ముందే ఇస్తే అన్ని పోచమ్మనే చూస్కుంటదని ఇచ్చిన."

పాలకు అడ్వాన్సు తీసుకున్నాక బర్రె తన్నినా పోయక తప్పదు, అది మా ఇంటి కట్టు. అమ్మ కూడా అదే లెక్కన అమ్మవారికి అడ్వాన్సు ఇచ్చేసింది. పిండేది మాత్రం నన్ను. ఆ మాట అనేశాను కూడా.

అమ్మ తిరిగి అరవలేదు. "నీ కండ్లు నా వల్లనే పోయినయ్" అంది.

నాకు చిన్నప్పుడు అమ్మవారు పోసింది. ఒళ్ళంతా పొక్కులు. ఆ రోజుల్లో ఇంట్లో పోపు పెట్టకూడదు, నూనె చిటపటలాడితే ఆ తల్లికి కోపమొస్తుందంటారు. బాపు చప్పిడి పప్పు తినలేక కంచం తోసేస్తే, అమ్మ భయపడి పోపు పెట్టింది. మరుసటి ఏడు నల్లబల్ల మీది అక్షరాలు కనబడట్లేదని నేను బడి నుంచి ఏడుస్తూ వచ్చాను.

"గా చిటపట నీ కండ్ల వడ్డది. గప్పటిసంది మొక్కుతున్న. ఎవరికి జెప్పలే."

"కనుగుడ్డు పొడుగైతే గిట్లయితదని డాక్టరమ్మ చెప్పింది. నా క్లాసుల ఎంతమందికి జోళ్ళున్నయో ఎరుకనా? అందరి అమ్మలు పోపేసిన్రా?"

"వాళ్ల సంగతి నాకేమెరుక? నేనైతే ఏసిన."

ఎంత చెప్పినా ఎక్కలేదు. ఇన్నేళ్ళూ నా మొహం చూసినప్పుడల్లా ఆమెకు ఆ పోపే కనిపించింది. నాకు చచ్చేంత కోపం వచ్చింది, అంతే జాలీ వేసింది. అడకత్తెరలో పోకచెక్కనైపోయాను. నేను వద్దంటే ఆమెకు ఆ తప్పు ఎప్పటికీ తీరదు.

"ఇది మీ ఇష్టంతోనేనా? ఎవరి బలవంతమూ లేదు కదా?" అని ఆపరేషన్‌కు ముందు డాక్టరమ్మ అడిగింది. పక్కన అమ్మ కొంగు కొసను వేలికి చుట్టుకుంటోంది.

"నా ఇష్టమే" అన్నాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఎవరినీ అనడానికి లేదు. చుక్కల మందులు, నల్లద్దాలు అయిపోయాయి. ఇప్పుడు గోడ మీది బల్లి దగ్గర్నుంచి గల్లీ చివరి బోర్డుదాకా అన్నీ కనిపిస్తాయి. పొద్దున మెలకువ రాగానే, పక్క చాప మీద ఆదమరిచి నిద్రపోతున్న అమ్మ మొహం స్పష్టంగా కనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు ఏడుపొచ్చింది.

నిన్న సాయంత్రం బడి నుంచి వచ్చి అదే గోడకానుకుని కూర్చున్నాను. టీవీ మోగుతోంది, అన్న పిల్లలు కొట్టుకుంటున్నారు, వదిన అరుస్తోంది. చెయ్యి అలవాటుగా చెవి దగ్గరికి పోయింది. అక్కడేమీ లేదు. సరేలే అని కళ్ళు మూసుకున్నాను.

పొయ్యి మీద పోపు మాడుతున్నా వదిలేసి అమ్మ పరుగెత్తుకొచ్చింది. నా గడ్డం పట్టుకుని పైకెత్తింది.

"ఏమైందే? కండ్లెందుకు మూసుకున్నవ్? నొస్తున్నయా?"

"ఏం లేదమ్మా."

"ఐతే తెరువు బిడ్డా."

తెరిచాను.